బిళ్లకు చేసిన ఆటను గంటకు ఆడినం

(హన్మకొండలో ఒక ఆదివారం సాయంత్రం పాత వీడియో గేముల అభిమానులు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తీరు మార్చలేదు.)

అందరికి నమస్తే. కుర్చీలు సరిపోలే, గోడకు నిలబడ్డోళ్లు ఏమనుకోకుండ్రి. ముందు కూసున్న పిల్లలకు ఒక మాట. ఇయ్యాల మీ నాయినలు మీకంటె ఎక్కువ అల్లరి చేస్తరు. మీరే జర ఓపిక వట్టాలె.

నన్ను కొనామీ గురించి మాట్లాడమన్నరు. కొనామీ అనే పేరు ఎంతమందికి ఎర్కనో చేతులెత్తుండ్రి సూద్దాం. ఆ మూలకు ఇద్దరు, ఇక్కడొకరు. సరే. ఇప్పుడు కాంట్రా, తుపాకి వట్టుకొని ఉరుక్కుంట కాల్చే ఆట, అది ఆడినోళ్లు ఎత్తుండ్రి. ఆఁ, గదీ! రోడ్ ఫైటర్? సర్కస్ చార్లీ? జాకల్, అదే, జీపుల తిరిగి ఖైదీలను ఇడిపిచ్చే ఆట? యీ ఆర్ కుంగ్‌ఫూ? సూసిండ్రా, చెయ్యి దించినోడు లేడు. గవన్నీ పుట్టింది ఒక్క కంపెనీలనే. జపాన్‌ల కొనామీ. మరి ఆట ఎర్కుండి చేసినోని పేరు ఎందుకు ఎర్కలేదు? ఎందుకంటే మనకొచ్చిన దొంగ క్యాసెట్లల్ల చానా వాటికి ఆ పేరు తీసేసిండ్రు. మెనూల కాంట్రా అని ఉంటది, స్టార్ట్ నొక్కంగనే ఉరుకుడే. చేసిందెవ్వలని ఎవ్వలడిగిండ్రు? మనకు టైమెక్కడిది, గంటకింత అని కిరాయికి ఆడుతుంటిమి, గంట నడుస్తుండె.

గా గంట గురించే నేను ఇయ్యాల చెప్పేది. జర ఎన్కకు పోదాం.

1969ల కగెమాస కోజుకి అనేటాయన ఒసాకా పక్కన తొయొనాక అనే ఊర్ల ఒక యాపారం వెట్టిండు. ఏం యాపారం? జూక్‌బాక్సులు కిరాయికిచ్చుడు, ఖరాబైతే బాగు చేసుడు. జూక్‌బాక్స్ అంటే పిల్లలకు ఎర్కుండది. బిళ్ల ఏస్తె పాట పాడే డబ్బా. పాట అయిపోతది, మల్ల వినాల్నంటే మల్ల బిళ్ల ఎయ్యాలె. నేను ఈ ముక్క చదివినప్పుడు మా నాయిన యాదికొచ్చిండు. కాజీపేట స్టేషన్ రోడ్డుల మాది టీవీలు బాగు చేసే దుకాణం. ముందటి అర్రల రెండు టీవీలు వెట్టి వీడియో గేమ్ కిరాయికి ఇస్తుండె. కిరాయికిచ్చుడు, బాగు చేసుడు. జపాన్‌ల ఆయన, ఇక్కడ మా నాయిన, ఇద్దరు ఒక్క తీరు పనే చేసిండ్రు. ఆయన పెద్ద కంపెనీ వెట్టిండు, మా నాయిన సోల్డరింగ్ పొగ పీల్చిండు. గదే తేడా.

కొనామీ 1973ల కంపెనీగ రిజిస్టరైంది, ఆడుకునే యంత్రాలు చేసుడు షురూ చేసింది. 1981ల స్క్రాంబుల్, ఫ్రాగర్. ఫ్రాగర్ అంటే కప్ప రోడ్డు దాటే ఆట. 1983ల ట్రాక్ అండ్ ఫీల్డ్. అది ఆడితే బటన్లు ఊసిపోయేటివి, గంత కొట్టాలె. 1985ల గ్రాడియస్. 1987ల కాంట్రా. ఇవన్నీ ముందుగాల ఇంట్ల ఆడేటియి కావు. బిళ్ల ఏసి నిలబడి ఆడే ఆర్కేడ్ యంత్రాలు.

ఇప్పుడు ఒక్కటి ఆలోచించుండ్రి. బిళ్ల యంత్రానికి ఏం గావాలె? నువ్వు బాగ ఆడుతున్నవనుకో, ఒక్క బిళ్లకు అర్ధగంట నిలబడ్డవు. యంత్రం ఓనరుకు లాసు. నీ ఎన్క ఇంకొకడు చేతుల బిళ్ల వట్టుకొని నిలబడ్డడు. గందుకే నువ్వు జల్ది సావాలె. గాని సచ్చినప్పుడు నీకు ఏమనిపియ్యాలె? "ఛ, జరంతల పోయింది" అనిపియ్యాలె. "ఇదేం అన్యాయం" అనిపిచ్చిందా, ఇగ రెండో బిళ్ల రాదు. నువ్వు తిట్టుకుంట పోతవు. జరంతల పోయింది అనిపిచ్చుడు, అదే పని. అది ఒచ్చినోళ్లు తక్కువ. కొనామీకి మస్తుగ ఒచ్చు.

కాంట్రానే సూడుండ్రి. ఒక్క తూట తాకితే ఖతం. రెండు తాకాలె, సగం రక్తం పోవాలె, అట్లాంటియి లేవు. గాని ఆ తూట ఎట్లొస్తది? నిమ్మళంగ, తెల్లగ కనవడుకుంట వస్తది. నువ్వు సూస్తనే ఉంటవు. గోడల దాసిన తుపాకులు ఎప్పుడూ అదే జాగల లేస్తయి. మొదటి లెవెల్‌ల వంతెన ఉంటది గద, అడుగు వెడ్తుంటే ముక్కలు ముక్కలుగ పేలుతది. మొదటిసారి నీళ్లల్ల వడ్తవు. రెండోసారి ఎర్కుంటది. వంతెన మోసం చెయ్యలే, నువ్వే చూసుకోలే. సచ్చిన తప్పు ఎప్పుడూ నీదే. గా తప్పు నీది కాబట్టి మల్ల ఆడ్తవు.

అది 1988ల ఫామికామ్‌కు, అంటే ఇంట్ల టీవీకి తగిలిచ్చి ఆడే నింటెండో కంపెనీ డబ్బాకు వచ్చింది. ఊకె కాపీ కొట్టి ఇయ్యలే. ఆర్కేడ్ కాంట్రాకు తెర నిలువుగ ఉంటది, ఇంట్ల టీవీ అడ్డంగ ఉంటది. లెవెళ్లు మల్ల గీసిండ్రు. మొత్తం 8 లెవెళ్లు. అడవి, స్థావరం, జలపాతం, రెండో స్థావరం, మంచు, ఎనర్జీ జోన్, హ్యాంగర్, ఆఖరికి ఆ రాక్షసుని గూడు. నా లెక్కల ఇంట్ల ఆడే కాంట్రానే ఆర్కేడ్‌దానికంటె మంచిగుంటది. కొట్లాడేటోళ్లు అయిపోయినంక రాండ్రి.

ఇగ మన దగ్గరికి వద్దాం. మన దగ్గరికి ఆ ఆట ఎట్లొచ్చింది? మా దిక్కు నింటెండో డబ్బా కనవడలే. తైవాన్ చిప్పులు ఏసిన నకలు డబ్బాలు వచ్చినయి. లిటిల్ మాస్టర్ అనో, టెర్మినేటర్ అనో పేరు రాసి ఉంటుండె. క్యాసెట్లు కోఠి గుజరాతీ గల్లీ నుంచి వస్తుండె. పైన 9999 ఆటలు అని ఉంటది. ఎన్ని ఉంటుండె అండ్ల? సంఖ్య మారుతది, పేరు మారుతది, ఆట అదే. నాలుగో నంబర్ల కాంట్రా, నలభయ్యో నంబర్ల అదే కాంట్రా రెండో లెవెల్ నుంచి. ఎన్కట అన్నీ బంగారమే అనేటోళ్లకు నేను ఈ క్యాసెట్లే సూపిస్త.

మా దుకాణంల గంటకు ఐదు రూపాయలు. రైల్వే క్వార్టర్ల పిలగాండ్లే ఎక్కువ వస్తుండె. ఒక్కొక్కని దగ్గర ఒక్క రూపాయి. ఐదుగురు జమైతే ఒక్క గంట. మా నాయిన పలక మీద సుద్దతోని టైమ్ రాసి గోడకు తగిలిస్తుండె. ఐదు పదికి షురువా, ఆరు పదికి లేవాలె. ఇండ్ల ఏముంది అంటరా? ఇండ్లనే ఉంది అంతా.

ఆట జపాన్‌ల ఎట్ల చేసిండ్రు? సచ్చినకొద్ది బిళ్ల ఎయ్యాలె అని చేసిండ్రు. మా దుకాణంల? సావు, ఏమైతది? ఇంకో పైస గూడ పోదు. గంట గంటనే. మరి గట్లయితే ఆ కష్టానికి విలువ ఉండొద్దు గద? ఊకె సచ్చుకుంట, నవ్వుకుంట ఆడాలె గద? గాని అట్ల కాలే. ఎందుకు కాలే?

ఐదుగురున్నరు, రిమోట్లు రెండే. ఇగ పిలగాండ్లు ఒక పద్ధతి వెట్టుకున్నరు. మూడు లైఫ్‌లు అయిపోయినయా, రిమోట్ పక్కోనికి ఇయ్యాలె. మా నాయిన చెప్పలే, ఎవ్వలు చెప్పలే. కాజీపేటల ఉండె, సుబేదారిల ఉండె, నేను అడిగినకాడల్లా గిదే పద్ధతి. కరీంనగర్ దోస్తు ఒకడు చెప్పిండు, అక్కడ గూడ గంతే అని. ఇప్పుడు సూడుండ్రి. బిళ్ల యంత్రంల నీ ఎన్క బిళ్ల వట్టుకొని ఒకడు నిలబడ్డడు అన్న గద. మా దుకాణంల నీ పక్కన చెయ్యి సాపి ఒకడు కూసున్నడు. గంట లెక్క అమ్మిన ఆటను పిలగాండ్లు మల్ల బిళ్ల ఆట చేసుకున్నరు! బిళ్ల జాగల లైఫ్ వచ్చింది, గంతే. గందుకే కాంట్రా మన దగ్గర గట్టిగ నిలవడ్డది. నెమ్మదిగ కథ చెప్పుకుంట పోయే ఆట అయితే ఆ బెంచీ మీద నడవకపోవు. ఒక్కడు గంటంత కూసుంటడు, నలుగురు ఎల్లిపోతరు.

ఇప్పుడు కోడ్ ముచ్చట, అంటే రిమోట్ మీద నొక్కే రహస్యం వరుస. మీద, మీద, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. మీరే అందుకున్నరు సూడు, నేను చెప్పక ముందే! బడిల ఎక్కాలు మర్చిపోయినోడు గూడ ఇది మర్వడు. కాంట్రాల ఇది కొట్టి స్టార్ట్ నొక్కితే 3 లైఫ్‌లు కావు, 30 లైఫ్‌లు.

ఇది ఎక్కడిది? కజుహిస హషిమోతో అని కొనామీల ప్రోగ్రామర్. 1986ల గ్రాడియస్‌ను ఫామికామ్‌కు తెస్తున్నరు. ఆట చేసేటోడు ఆటను పరీక్ష చెయ్యాలె గద. హషిమోతోకు గ్రాడియస్ ఆడొస్తలేదు. కష్టం. తను రాస్తున్న ఆటల తనే సస్తున్నడు. గందుకని ఒక వరుస వెట్టుకున్నడు, అది నొక్కితే అన్ని ఆయుధాలు ఒక్కసారే వస్తయి. తనే నొక్కాలె కాబట్టి తనకు యాదుండేటట్టు అల్కగ వెట్టుకున్నడు. అది ఆటల ఉండిపోయింది, బయటికొచ్చింది, తర్వాత కాంట్రా చేసినోళ్లు గూడ వాడుకున్నరు. తర్వాత ఇంకొన్ని ఆటలల్ల వెట్టిండ్రు. ఫామికామ్ తర్వాతొచ్చిన సూపర్ ఫామికామ్ డబ్బాల, గ్రాడియస్ 3ల అయితే అదే వరుస నొక్కితే ఆయుధాలొచ్చి, ఎన్కనే నీ విమానం పేలిపోతది! కొనామోళ్లకు నవ్వులాట తక్కువ లేదు. హషిమోతో 2020 ఫిబ్రవరిల పోయిండు. ఆయన పోయిన వార్త దునియా అంత మోగింది. పరీక్ష కోసం రాసుకున్న పది నొక్కుళ్లకు.

మరి మా దుకాణంల ఆ కోడ్ ఎట్ల నడిచింది? నడవనియ్యలే! ఐదుగురు జట్టుల ఒకడు ఎక్కడ్నో నేర్చుకొని వచ్చి కొట్టిండనుకో, మిగిలిన నలుగురు లొల్లి. ఎందుకు? ముప్పై లైఫ్‌లున్నోడు రిమోట్ ఎప్పుడిస్తడు? ఆరు పది దాక ఇయ్యడు. జపాన్‌ల పాపం పని అల్కగ అయితదని వెట్టుకున్న దయ, కాజీపేటల నలుగురి కడుపు మీద కొట్టింది.

మా దగ్గర రెండు రకాల క్యాసెట్లు ఉంటుండె. ఒక దాంట్ల మెనూ నుంచే ముప్పై లైఫ్‌లతోని మొదలైతది, ఇంకో దాంట్ల మామూలుగ మూడే. నేను కౌంటర్ల కూసున్నప్పుడు గమనిచ్చిన. ఒక్కడే వచ్చి ఐదు రూపాయలు ముందట వెట్టి గంట మొత్తం కొనుక్కునే పిలగాడు ముప్పై లైఫ్‌ల క్యాసెట్ అడిగేటోడు. ఐదుగురు రూపాయి రూపాయి ఏసుకొని వచ్చినోళ్లు మూడు లైఫ్‌లదే అడిగేటోళ్లు. ఎప్పుడూ గంతే. ఇప్పుడు చెప్పుండ్రి, ఏ ఆట కష్టం, ఏ ఆట అల్క? ఆటల ఉంటదా అది, బెంచీ మీద ఉంటదా?

కరెంటు ముచ్చట మరువద్దు. అప్పట్ల మన దిక్కు కరెంటు ఎట్లుండెనో పెద్దోళ్లకు చెప్పాల్సిన పని లేదు. కాంట్రాల సేవ్ చేసుకునుడు లేదు, పాస్‌వర్డ్ లేదు. ఏడో లెవెల్‌ల ఉన్నవు, ఫ్యాన్ ఆగింది, టీవీ గుయ్యిమని చిన్న చుక్క అయ్యింది, ఖతం. మల్ల అడవి నుంచి. ఇగ పంచాయితి. కరెంటు పోతే గంట ఆగాలె అని పిలగాండ్లు. ఎట్ల ఆగుతది, గడియారం ఆగిందా అని మా నాయిన. ఆఖరికి పలక మీద పోయిన టైమ్ గూడ రాసుడు మొదలువెట్టిండు. మా నాయిన ఓడిపోయిన కేసు అదొక్కటే.

ఆడినోళ్లకు మూడో లెవెల్ యాదుండాలె. జలపాతం. కిందికెల్లి పైకి ఎక్కుడు. ఇద్దరు ఆడుతున్నరు. ఒకడు జోరుమీద పైకి దుంకిండనుకో, తెర వానితోని పైకి పోతది. కింద ఉన్నోడు ఏమైతడు? తెర కింది అంచు దాటిండా, సస్తడు. తూట లేదు, దుశ్మన్ లేడు, దోస్తే సంపిండు. అన్నా, నువ్వు నవ్వకు, మీ తమ్మునికి నువ్వు చేసిందే చెప్తున్న నేను. ఎన్ని దోస్తానాలు ఆ నీళ్లల్ల కొట్టుకపోయినయో. గాని అక్కడనే పిలగాండ్లు ఒకనికొకడు "ఆగు, ఆగు, రా, ఇప్పుడు దుంకు" అని చెప్పుకునుడు నేర్చుకున్నరు. ఆ జలపాతం దాటినోళ్లను సూస్తె, ఇద్దరు తెర సూస్తరు గాని నోరు పక్కోనితోని మాట్లాడుతనే ఉంటది.

పాలిటెక్నిక్ మాస్టర్ను కాబట్టి డబ్బా లోపలి సంగతి రెండు ముక్కలు చెప్పకుంటే నిద్రవట్టది. ఇద్దరికి ఎస్ గన్ దొరికింది. ఐదైదు తూటలు ఇరజిమ్ముతున్నయి. అప్పుడు బొమ్మలు మినుకు మినుకు అంటయి, యాదికున్నదా? టీవీ ఖరాబైందని మా నాయినను మస్తుమంది అడిగిండ్రు. టీవీ తప్పు కాదు. ఫామికామ్ చిప్పు మొత్తం తెర మీద 64 కదిలే ముక్కలు గీయగలుగుతది. గాని టీవీ మీద అడ్డంగ ఒక్క గీత తీసుకుంటే, ఆ గీతల 8 ముక్కలే గీస్తది. తొమ్మిదోది కనవడది. ఒక్క మనిషి బొమ్మనే కొన్ని ముక్కలు కలిపి చేసింది. ఇగ తూటలు, సిపాయిలు ఒక్క గీత మీదికి వస్తె ఏం జేస్తరు? ప్రోగ్రామర్లు వంతులేసిండ్రు. ఈసారి వీడు కనవడ్తడు, వచ్చేసారి వాడు. గా వంతులే మనకు మినుకుమినుకు. మా బెంచీ మీద రిమోట్ పంచుకున్నట్టే, చిప్పు లోపల బొమ్మలు గీత పంచుకున్నయి.

ఆట మొత్తం ఎంత? 128 కిలోబైట్లు, అమెరికా క్యాసెట్ల. మీరు పొద్దుగాల పంపే గుడ్ మార్నింగ్ పూల ఫోటో అంతకంటె పెద్దగుంటది. జపాన్ క్యాసెట్ల కొనామీ తన సొంత చిప్పు ఏసింది, దాంట్ల బొమ్మలకు జాగ ఎక్కువ. మీరు ఆడింది ఏ రకమో తెల్సుకోవాల్నా? మొదటి లెవెల్‌ల చెట్ల ఆకులు ఊగితే జపాన్ రకం. గీసినట్టు నిలవడితే అమెరికా రకం. ఐరోపోళ్లకు ఇంకో తీరు. అక్కడ మనుషులను తీసేసి మరమనుషులను వెట్టి 1990ల ప్రోబోటెక్టర్ అనే పేరుతోని అమ్మిండ్రు.

పాట సంగతి గూడ. అప్పట్ల జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేటియి. మనయి 50 సార్లు. ఆటల పాట నడక ఆ గీతల లెక్క మీదనే పోతది. మనోళ్లకు తయారైన డబ్బాలల్ల ఆరుల ఒక వంతు నెమ్మదిగ నడిచింది. ఇప్పుడు ఇంటర్నెట్ల అసలు అడవి పాట పెట్టి వినుండ్రి, ఎవడో తరుముతున్నట్టు ఉరుకుతది. నాకైతే మన నెమ్మది పాటే మంచిగనిపిస్తది. అలవాటు.

రోడ్ ఫైటర్ గురించి ఒక్క నిమిషం. 1984ల ఆర్కేడ్‌ది, మరుసటేడు ఇంటికి వచ్చింది. ఎర్ర కారు, 400 స్పీడు, పెట్రోల్ అయిపోవద్దు. పక్క కారు తాకితే మన కారు జారుతది. కొత్తోడు ఏం జేస్తడు? బిగుసుకపోయి గోడకు కొడ్తడు. ఎర్కున్నోడు ఒక్క నొక్కు నొక్కి నిలవెడ్తడు. గుద్దకుండ మంచిగ పోతే రోడ్డు పక్కకెల్లి దుప్పటి కట్టుకున్న మనిషి ఎగురుకుంట పోతడు. అందరం సూపర్‌మ్యాన్ అన్నం. ఆయన పేరు కొనామీ మ్యాన్. సర్కస్ చార్లీ కొనామీ ఆర్కేడ్ ఆటనే గాని ఫామికామ్‌కు తెచ్చింది సాఫ్ట్ ప్రో అనే ఇంకో కంపెనీ. మా చెల్లె దుకాణంల ఆడింది అదొక్కటే, సింహం మీద కూసొని నిప్పు రింగుల నుంచి దుంకుడు. కాంట్రా ఆడేటోళ్లు ఎవ్వలు ఆమెను గెలువలే.

పిల్లలూ, మీ ఫోన్లల్ల ఈఫుట్‌బాల్ ఉన్నది గద, అది గూడ ఈ కొనామీదే. 2024ల కొత్త కాంట్రా గూడ వచ్చింది, ఆపరేషన్ గలుగా అని, వేఫార్వర్డ్ అనే కంపెనీ చేసింది. దాంట్ల ఒక్క తూటకు సావకుండ ఆడే ఈలున్నది. దాని మీద మీ నాయినలు మూతి ముడుస్తరు. నేను ముడువ. ఇంట్ల ఒక్కడే కూసొని ఆడేటోనికి ఎన్క చెయ్యి సాపేటోడు లేడు గద, వానికి ఒక్క తూట సావు ఎందుకు?

ఇగ మాటలు చాలు. ఆ మూల రెండు టీవీలు వెట్టినం. కిటికీ దిక్కుది మూడు లైఫ్‌లది, గోడ దిక్కుది ముప్పైది. ఐదుగురు ఐదుగురు జట్లు కట్టుండ్రి, జట్టుల ఇద్దరన్న పిల్లలుండాలె. కోడ్ కొట్టి ఇద్దరు ఆడాల్నంటే ఆఖరి 'ఏ' బటన్ తర్వాత సెలెక్ట్ నొక్కి, అప్పుడు స్టార్ట్. రెండో రిమోట్‌ల సెలెక్ట్, స్టార్ట్ ఉండయి, ఎతుక్కోకుండ్రి. క్యాసెట్ కదిలియ్యకుండ్రి, స్లాట్ వదులైంది. టీ అయిదు నిమిషాలల్ల వస్తది. ఏమన్న అడిగేటోళ్లుంటే నేను గోడ దిక్కు టీవీ కాడ ఉంట.